హెంప్ సాగు ఎలా చేయాలి: అనుమతి నుంచి విత్తనం దాకా, విత్తనం నుంచి నార దాకా

హెంప్ అంటే గంజాయి జాతిలోనే మత్తు తక్కువగా ఉండే నార, గింజల పంట. దాని గురించి మాట్లాడేవారు ఎకరానికి ఎంత మిగులుతుందో ముందు చెబుతారు, విత్తనం ఎక్కడిదో చివర చెబుతారు. ఈ పంటలో లెక్క తిరగబడాలి. నేల, నీరు, ఎరువు ఇక్కడ రెండో వరుసలోవి. మీ పొలం ఏ అక్షాంశం మీద ఉంది, చేతిలో ఉన్న విత్తనం ఏ అక్షాంశంలో తయారైంది, దాని పూతలో మత్తు పదార్థం ఎంత ఉంటుంది అన్న మూడు సంగతులు కుదిరాకే దుక్కి మాట. వాటన్నిటి కంటే ముందు కాగితం మాట.

అనుమతి

హెంప్, గంజాయి రెండూ కన్నాబిస్ సటైవా అనే ఒకే మొక్క. పూతలో టీహెచ్‌సీ అనే మత్తు పదార్థం ఎండు బరువులో 0.3 శాతం దాటని రకాలను అమెరికా, కెనడా హెంప్‌గా లెక్కిస్తాయి. ఐరోపా సమాఖ్య హద్దు 0.2గా ఉండేది, 2023 నుంచి అక్కడా 0.3 అయింది. చేలో నిలబడి చూస్తే ఏది ఏదో పోలీసుకూ తెలియదు, పండించిన మీకూ తెలియదు. చెప్పగలిగింది ప్రయోగశాల ఒక్కటే.

మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 20వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా ఈ మొక్కను సాగు చేస్తే 10 ఏళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. అదే చట్టం 14వ సెక్షన్‌లో ఒక తలుపు తెరిచి ఉంచారు: నార కోసమో విత్తనం కోసమో పారిశ్రామిక అవసరానికి పండించడానికి ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి అనుమతించవచ్చు. ఆ తలుపు గుండా మొదట నడిచిన రాష్ట్రం ఉత్తరాఖండ్, 2018లో. హిమాచల్ ప్రదేశ్ మంత్రివర్గం 2025 జనవరిలో పాలంపూర్, నౌనీ విశ్వవిద్యాలయాలతో ప్రయోగాత్మక అధ్యయనానికి ఒప్పుకుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రైతుకు హెంప్ లైసెన్సు ఇచ్చే ఏర్పాటు లేదు. కాబట్టి ఇది చదివి, ఆన్‌లైన్‌లో విత్తనం తెప్పించి పెరట్లో చల్లి చూద్దామనుకుంటే ఇక్కడే ఆగండి. విశాఖ మన్యంలో 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో పోలీసులు గంజాయి తోటలు నరికించారు. అలాంటి చోట మీ మడి పక్కన నిలబడి ఇది నార పంట బాబూ అంటే వినే నాథుడు ఉండడు. ఈ మార్గదర్శిని అనుమతి ఉన్నచోట పనిచేసేవారి కోసం: ఉత్తరాఖండ్‌లో లైసెన్సు తీసుకునే సంస్థలతో కలిసినవారు, అమెరికా, కెనడాల్లో సేద్యంలోకి దిగిన తెలుగువారు, వ్యవసాయ పరిశోధనలో ఉన్న విద్యార్థులు. విత్తనాల దుకాణంలో సన్‌హెంప్ పేరుతో దొరికేది మన జనుము. అది పప్పుజాతి పైరు, దానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు, ఈ చట్టంతో దానికి సంబంధమూ లేదు.

ఉత్తరాఖండ్‌లో దరఖాస్తు జిల్లా మేజిస్ట్రేటు, ఎక్సైజ్ శాఖల ద్వారా నడుస్తుంది. ఏ దేశంలో దరఖాస్తు చేసినా చేతిలో ఉండాల్సిన కాగితాలు దాదాపు ఇవే: భూమి హక్కు లేదా కౌలు పత్రం, పొలం హద్దుల పటం, వేయబోయే రకం పేరు, ఆ రకానికి టీహెచ్‌సీ పరీక్ష పత్రం, సరుకు ఎవరు కొంటారన్న ఒప్పందం. చివరిదాన్ని చాలామంది ఆఖరికి వాయిదా వేస్తారు. వేయకండి.

ఏం అమ్ముతారో ముందు తేల్చుకోండి

నార కోసం వేసే చేను వేరు, గింజ కోసం వేసే చేను వేరు. రెండూ ఒకే చేలో తీయవచ్చని చెప్పేవారున్నారు. తీయవచ్చు, కానీ గింజ పండేదాకా ఆగితే నార ముదిరి గరుకవుతుంది, తాడుకూ కాగితానికీ తప్ప గుడ్డకు పనికిరాదు.

మన దేశంలో గింజకు దారి కాస్త తేలిక. హెంప్ గింజ, గింజ నూనె, గింజ పిండి ఆహార పదార్థాలుగా అమ్మడానికి ఆహార భద్రతా సంస్థ 2021లో అనుమతించింది. కిలో గింజలో టీహెచ్‌సీ 5 మిల్లీగ్రాములు, కిలో నూనెలో 10 మిల్లీగ్రాములు మించకూడదని షరతు. ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్, కుమావూన్ కొండ పల్లెల్లో ఈ గింజను వేయించి నూరి చట్నీ చేసుకోవడం పాత అలవాటే.

నార వైపు వెళ్లేవారు దూరం లెక్క వేసుకోవాలి. ఎండు కాండం తేలిక, పరిమాణం ఎక్కువ. లారీ నిండినా బరువు తూగదు. అందుకే ఫ్రాన్సులో ఓబ్ ప్రాంతపు రైతులు 1970లలోనే సహకార సంఘంగా కలిసి తమ పొలాలకు దగ్గరలోనే నార తీసే మిల్లు పెట్టుకున్నారు. ఐరోపాలో హెంప్ ఎక్కువగా పండేది ఆ దేశంలోనే. మిల్లు ముందు, పంట తరువాత అన్న వరుస వారికి కలిసొచ్చింది.

వరుస తలకిందులైతే ఏమవుతుందో అమెరికా చూపించింది. 2018 వ్యవసాయ చట్టం హెంప్‌కు దారి తెరవగానే ఈ మొక్క పూతలోనే ఉండే, మత్తు ఎక్కించని సీబీడీ అనే పదార్థపు నూనె గిరాకీని నమ్మి, కొనేవాడు ఎవరో తెలియకుండానే వేల మంది వేశారు. ధర కుప్పకూలింది. ఆ దేశపు వ్యవసాయ శాఖ లెక్కలో ఆరుబయట వేసిన హెంప్ 2021లో 54 వేల ఎకరాలు, మరుసటి ఏడు 28 వేలు.

విత్తనం: పగటి పొడవు చూసి ఎంచుకోండి

హెంప్ పొట్టి పగటి మొక్క. పగలు ఒక హద్దుకు తగ్గగానే ఎత్తు పెరగడం మానుకుని పూతకు వస్తుంది. ఆ హద్దు ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది, ఆ రకం ఎక్కడ తయారైందన్నదాన్ని బట్టి.

కెనడాలోని విన్నిపెగ్‌లో జూన్‌లో పగలు 16 గంటలు దాటుతుంది. డెహ్రాడూన్‌లో అదే రోజు సుమారు 14 గంటలు. హైదరాబాద్‌లో 13 గంటల పైచిలుకు. ఉత్తర ఫ్రాన్సులో మనిషిని మించి పెరిగే రకాన్ని తెచ్చి డెహ్రాడూన్ దగ్గర వేస్తే, అది పుట్టినప్పటి నుంచీ పగలు తక్కువే అనుకుని మోకాలెత్తులో పూస్తుంది. విత్తనానికి పత్రం ఉంటుంది, మొలక శాతం బాగుంటుంది, పరీక్షలో గెలుస్తుంది, చేలో మాత్రం నార ఉండదు. కొత్తగా దిగినవారి డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే.

కాబట్టి మీ అక్షాంశానికి దగ్గర్లో, లేదా దానికి దక్షిణాన తయారైన రకం వెతకండి. ఉత్తరం నుంచి దక్షిణానికి తెస్తే ముందే పూస్తుంది. దక్షిణం నుంచి ఉత్తరానికి తీసుకెళ్తే ఆలస్యంగా పూస్తుంది, ఎత్తు బాగా పెరుగుతుంది, గింజ పండేలోపు చలి రావచ్చు. నారకు అది లాభం, గింజకు నష్టం. చైనాలో యున్నాన్ ప్రాంతం 21 నుంచి 29 డిగ్రీల అక్షాంశాల మధ్య ఉంది. అక్కడి వ్యవసాయ అకాడమీ తయారుచేసిన యున్మా రకాలు తక్కువ టీహెచ్‌సీ ఉన్నవి, పొట్టి పగటికి అలవాటుపడినవి. ఐరోపా రకాల్లో ఇటలీ వారి కార్మాగ్నోలా ఆలస్యంగా పూసే పాత నార రకం. ఫిన్లండ్‌లో పుట్టిన ఫినోలా పొట్టిగా ఉండి త్వరగా గింజకు వస్తుంది. కెనడాలో గింజ కోసం వేసేవారికి అది బాగా తెలిసిన పేరు. ఏదైనా సరే, ఎకరాల్లో వేసే ముందు ఒక ఏడాది చిన్న మడిలో వేసి, పూత ఏ తేదీన వచ్చిందో, అప్పటికి మొక్క ఎంత ఎత్తుందో రాసుకోండి. విత్తనం కంపెనీ ఇచ్చే కరపత్రం కంటే ఆ రెండు అంకెలు విలువైనవి.

మీ చోటికి తగిన విత్తనం తయారుచేసుకోవడం

హిమాలయ వాలుల్లో పెరిగే స్థానిక మొక్క పగటి పొడవుకు సరిగ్గా అలవాటుపడి ఉంటుంది, కానీ టీహెచ్‌సీ పరీక్షలో నిలవడం కష్టం. బయటి రకం పరీక్షలో నిలుస్తుంది, పొలంలో నిలవదు. రెంటినీ కలపడమే ప్రజనకుల, అంటే కొత్త రకాలు తయారుచేసే శాస్త్రవేత్తల పని.

ఈ కలయికలో వారసత్వం సరళంగానే నడుస్తుంది. మొక్క టీహెచ్‌సీ వైపు వెళ్తుందా, సీబీడీ వైపు వెళ్తుందా అన్నది ప్రధానంగా ఒకే జన్యుస్థానం, అంటే జన్యువు ఉండే ఒకే చోటు తేలుస్తుంది. స్థానిక ఆడమొక్కపై హెంప్ మగమొక్క పుప్పొడి వేస్తే తొలి తరం మొక్కల్లో రెండూ కలగలిసి ఉంటాయి, దాదాపు అన్నీ పరీక్షలో ఓడిపోతాయి. వాటిని వాటిలోనే సంకరం చేస్తే రెండో తరంలో సుమారు నాలుగోవంతు మొక్కలు సీబీడీ వైపు స్థిరపడతాయి. 200 మొక్కలు పెంచితే 50 దొరకవచ్చు. వాటిలోంచి ఆలస్యంగా పూసేవి, నిటారుగా ఉండేవి ఎంచుకుని ముందుకు వెళ్లాలి. మధ్య తరాల్లో హద్దు దాటిన మొక్కలు తప్పకుండా ఉంటాయి. అంటే ఈ పని సాగు లైసెన్సుతో రైతు పొలంలో చేయకూడదు. పరిశోధన అనుమతి ఉన్న సంస్థ కంచె లోపలే చేయాలి. రైతుగా మీ వాటా దాని తరువాత, ఆమోదం పొందిన తక్కువ టీహెచ్‌సీ రకంలోంచి మీ పొలానికి నప్పే మొక్కలను ఏరుకోవడం. అదీ లైసెన్సు షరతులు ఒప్పుకుంటేనే. కొన్నిచోట్ల ఏటా ధ్రువీకరణ విత్తనమే కొనాలి.

ఒక మాట గుర్తుంచుకోండి. సీబీడీ వైపు స్థిరపడిన మొక్క కూడా కాస్త టీహెచ్‌సీ తయారుచేస్తూనే ఉంటుంది, సీబీడీలో సుమారు 20 నుంచి 30వ వంతు. పూతలో సీబీడీ ఎంత పెంచితే టీహెచ్‌సీ అంత హద్దుకు దగ్గరవుతుంది. నార, గింజ రకాల్లో పూత నూనెలు తక్కువగా ఉండటమే మంచిది.

ఏరుకోవడం ఎలాగో చూద్దాం. చాలా హెంప్ రకాల్లో మగ, ఆడ మొక్కలు వేరువేరు, గాలికి పుప్పొడి ఎగురుతుంది. మీరు ఎంత మంచి ఆడమొక్కకు గుర్తు కట్టినా, దాని మీద పడిన పుప్పొడి ఎవరిదో తెలియకపోతే సగం పని వృథా. అందుకే మగమొక్కల మీద కన్ను ముందు పడాలి. పూతకు కొద్దిగా ముందు, కాండం మధ్య కణుపుల దగ్గర ఆకు కాడ అతికే చోట వంగి చూడండి. చిన్న కాడ మీద గుండ్రని మొగ్గ కనిపిస్తే మగ. కోలగా ఉన్న తొడుగులోంచి తెల్లటి వెంట్రుకలు రెండు బయటికి వస్తే ఆడ. ఉదయపు వెలుతురులో, భూతద్దంతో అయితే త్వరగా దొరుకుతుంది. ముందుగా పూసే మగమొక్కలు, పొట్టివి, కొమ్మలు చాచినవి పుప్పొడి విప్పకముందే పీకేయాలి. కేళీలు, అంటే వేరు రకం మొక్కలు ఏరడం వరి విత్తనం చేలలో పనిచేసినవారికి కొత్త కాదు, కానీ ఇక్కడ వారం ఆలస్యమైతే ఏరినా ఒకటే, ఏరకున్నా ఒకటే.

నార ఎక్కువ ఉన్న మగమొక్కను పూయకముందే ఎలా గుర్తుపట్టాలి? జర్మనీలో బ్రెడెమాన్ అనే ప్రజనకుడు 1920లలో దీనికొక ఉపాయం కనిపెట్టాడు. మగమొక్క కాండాన్ని నిలువుగా చీల్చి, ఒక సగం కోసి నార ఎంతుందో తూచేవాడు. మిగతా సగం వేళ్లతో నిలిచి ఉంటుంది. తూకంలో నెగ్గినవాటినే పూయనిచ్చి మిగతావాటిని తీసేసేవాడు. ఏళ్ల తరబడి ఇలా చేస్తే కాండంలో నార శాతం రెట్టింపు దాకా పెరిగింది. ఖరీదైన యంత్రమేమీ లేని పద్ధతి. ఓపిక, పదునైన కత్తి, మంచి త్రాసు చాలు.

ఎంపికలో మొక్కల సంఖ్య తగ్గిపోకుండా చూసుకోండి. పది మొక్కల నుంచి విత్తనం పట్టి మురిసిపోతే రెండు మూడు తరాల్లో పైరు గిడసబారుతుంది. కనీసం నూరు ఆడమొక్కల విత్తనం కలపాలి. వేర్పాటు దూరం, అంటే వేరే హెంప్ మొక్కల నుంచి విత్తనపు చేనుకు ఉండాల్సిన ఎడం మీద కక్కుర్తి వద్దు. ఒకే మొక్కపై ఆడ, మగ పూలు రెండూ పూసే రకాల మూల విత్తనానికి ఐరోపా నిబంధనలు అడిగే దూరం 5 కిలోమీటర్లు. ఆ రకాల్లో ప్రతి తరంలోనూ పూర్తి మగమొక్కలను పీకకపోతే కొద్ది తరాల్లో మళ్లీ మగ, ఆడ విడివిడిగా తయారవుతాయి. కొండల్లో అయితే బీళ్లలో తనంతట పెరిగే అడవి మొక్కలే పెద్ద ముప్పు. వాటి పుప్పొడి మీ విత్తనంలో చేరితే మరుసటి ఏడాది పరీక్షలో బయటపడుతుంది.

హంగరీ ప్రజనకులది ఇంకో తెలివి. విడివిడిగా పూసే రకపు ఆడమొక్కకు, రెండు పూలూ పూసే రకం పుప్పొడి వేస్తే తొలి తరం దాదాపు అంతా ఆడమొక్కలే వస్తుంది. విత్తనోత్పత్తికి ఇది పనికొచ్చే కిటుకు.

నేల, విత్తు

నీరు నిలవని గరప నేల, ఉదజని సూచిక (పీహెచ్) 6 నుంచి 7.5 మధ్య. మొదటి మూడు వారాలు నీరు నిలిస్తే మొలకలు పసుపెక్కి చస్తాయి. వాన పడి పైన అట్ట కడితే మొలక పైకి రాలేదు. ఈ రెండు గండాలూ దాటితే నెలలోపే చేను కమ్ముకుంటుంది, కలుపు దాని నీడలోనే చస్తుంది. ఆ తరువాత చేలోకి వెళ్లే పనే పెద్దగా ఉండదు.

విత్తన మోతాదు ఎవరో చెప్పింది కాకుండా లెక్క కట్టుకోండి. వెయ్యి గింజల బరువు 16 గ్రాములు అనుకుందాం. నారకు చదరపు మీటరుకు 200 మొక్కలు కావాలి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు, కాబట్టి సుమారు 8 లక్షల 10 వేల మొక్కలు, అంటే 13 కిలోల గింజ. పొలంలో మొలిచి నిలిచేది నూటికి 65 అనుకుంటే 20 కిలోలు పోయాలి. గింజ పంటకు చదరపు మీటరుకు 80 మొక్కలు చాలు, అదే లెక్కన ఎకరానికి 8 కిలోలు. నారకు దగ్గర సాళ్లు, గింజకు కాస్త ఎడం. లోతు 2 నుంచి 3 సెంటీమీటర్లు. అంతకంటే లోతుకు పోతే మొలక రాదు. హెంప్ గింజలో మూడోవంతు దాకా నూనె ఉంటుంది, పాతబడితే త్వరగా పాడవుతుంది. మొలక పరీక్ష చేయకుండా నిరుటి విత్తనం వేయకండి.

ఎకరానికి 40 కిలోల వరకు నత్రజని, దానికి తగ్గ భాస్వరం, పొటాష్. నత్రజని ఎక్కువైతే కాండం మెత్తబడి గాలికి పడిపోతుంది. తెల్లబూజు, బూడిదరంగు బూజు వచ్చే పొలాల్లో ఆవాలు, పొద్దుతిరుగుడు, సోయా తరువాత వేయకండి. కాండం తొలిచే పురుగు ఉంటుంది. గింజ పాలు పోసుకునే వేళ చిలుకలు, పావురాలు రావడం ఖాయం, కాపలా మనిషి ఖర్చు ముందే రాసుకోండి.

పరీక్ష

అమెరికాలో కోతకు 30 రోజుల లోపు అధికారులు పొలానికి వచ్చి పూత కొసలు కోసి పరీక్షకు పంపుతారు. 0.3 శాతం దాటితే ఆ పంట మార్కెట్‌కు పోకూడదు, ధ్వంసం చేయాలి లేదా నిబంధనల ప్రకారం మార్చాలి. 1 శాతం దాటితే రైతు నిర్లక్ష్యంగా లెక్కిస్తారు. పూత ముదిరేకొద్దీ టీహెచ్‌సీ పెరుగుతుంది. అందుకే అధికారులు వచ్చేదాకా చూడకుండా పూత మొదలైన దగ్గర్నుంచి మీరే నమూనాలు పంపించి ఎటు పోతుందో గమనించండి. అంకె 0.25 దగ్గరికి వస్తుంటే కోత ముందుకు జరపడమే దారి.

కోత, నార తీయడం

నారకు సరైన వేళ మగపూలు పుప్పొడి విప్పడం మొదలైనప్పుడు. ఒక మొక్కను మొదట్లో విరిచి చూడండి. తోలు పొడవుగా, తెగకుండా పుల్ల నుంచి ఊడి వస్తే కోతకు వచ్చినట్టు. కోసి చేలోనే పరిచి మంచు, వాన తడికి ఊరనివ్వడం ఐరోపా పద్ధతి. రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, మధ్యలో తిప్పాలి. నీటిలో ఊరవేస్తే వారం పది రోజులు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోగు కట్టలు చెరువులో వేసి నార తీసే రైతుకు ఈ పనిలో ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. బొటనవేలితో నొక్కితే పుల్ల మీద నార జారడం, వాసన మారడం, ఒక రోజు ఎక్కువైతే నార పీచు కావడం అన్నీ అవే. ఎండు కాండంలో నార పాతిక నుంచి ముప్పై శాతం, మిగతాది పుల్ల. పుల్లను పారేయకండి, సున్నంతో కలిపి గోడల ఇటుకలకు, పశువుల కొట్టాల్లో పరుపుకు కొంటారు.

గింజకు చేనంతా పండేదాకా ఆగితే సగం నేలపాలు. వెన్ను కింది గింజలు ముందు పండి రాలుతుంటాయి, పైవి ఇంకా పచ్చిగా ఉంటాయి. నూటికి 70 గింజలు మచ్చల బూడిద గోధుమ రంగుకు తిరిగినప్పుడు కోయాలి. వెన్నును అరచేతిలో నలిపితే గింజలు తేలిగ్గా రావాలి. కోత యంత్రం వాడితే కత్తిని వీలైనంత పైన పెట్టండి. ఎండిన కాండం లోపలికి పోతే నార ఇరుసుల చుట్టూ చుట్టుకుని బేరింగులు వేడెక్కి మంటలు లేస్తాయి. కెనడా రైతులు కాండం ఇంకా పచ్చిగా, గింజలో 15 నుంచి 20 శాతం తేమ ఉండగానే కోసేది అందుకే. కోసిన గింజను ఆ పూటే ఆరబెట్టాలి. తడి గింజ బస్తాల్లో రాత్రంతా ఉంటే వేడెక్కి నూనె చేదెక్కుతుంది. తేమ 9 శాతం లోపుకు దిగాకే నిల్వ.

కోత తరువాత మిగిలే పని

గింజ పంట కోసిన చేలో రాలిన విత్తనం తప్పకుండా ఉంటుంది. తొలి వానకు అది మొలుస్తుంది. అప్పటికి మీ లైసెన్సు గడువు ముగిసి ఉండవచ్చు, చేలో ఇంకో పైరు ఉండవచ్చు. చట్టం దృష్టిలో ఆ మొక్కలు అనుమతి లేని మొక్కలే. కోత అయిన వెంటనే లోతు దుక్కి దున్నకండి, గింజలు అడుగున చేరి విడతలు విడతలుగా మొలుస్తాయి. పైపైన గుంటక తోలి, తడి ఇచ్చి, ఒకేసారి మొలవనిచ్చి, మళ్లీ గుంటకతో తీసేయండి. గట్లు, కాలువ అంచులు, కళ్లం చుట్టుపక్కల, బస్తాలు మోసిన బాట కూడా చూడండి. తీసేసిన తేదీ రాసి, ఫొటోలు తీసి, లైసెన్సు కాగితాలతో పాటు ఆ ఫైల్లోనే పెట్టండి. తనిఖీకి వచ్చేవారు ముందు అడిగేది దాన్నే.